ఐడిల్‌లో తిరుగుతుంది, రేస్ ఇస్తే లేవదు: సెకండ్ హ్యాండ్ కారు ఇంజిన్‌లో లోపం పట్టుకునే వరుస

తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఐడిల్‌లో నిలకడగానో, కాస్త వణుకుతూనో తిరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఆర్‌పీఎం ముల్లు 1500 దగ్గరో 2000 దగ్గరో ఆగిపోతుంది, లేదా అసలు కదలదు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఈ లోపం గురించి పదే పదే అడుగుతున్నారు. అడిగేటప్పటికే చాలామంది ఫ్యూయల్ పంపో, ప్లగ్గులో, ఏదో ఒక సెన్సరో మార్చేసి ఉంటారు. లోపం మాత్రం అలాగే ఉంటుంది.

ఐడిల్‌లో ఇంజిన్‌కు కావలసిన గాలి, ఇంధనం చాలా తక్కువ. సగం మూసుకుపోయిన ఫిల్టర్, నీరసించిన పంపు, మూడొంతులు పూడిపోయిన సైలెన్సర్ ఉన్నా ఐడిల్ నడిచిపోతుంది. కాబట్టి "ఐడిల్ బాగుంది కదా, అంతా బాగానే ఉంది" అనుకోవడానికి లేదు. రేస్ ఎక్కాలంటే థ్రాటిల్ (గాలి దారిలోని తలుపు) తెరుచుకోవాలి, గాలి లోపలికి రావాలి, దానికి తగ్గ ఇంధనం పడాలి, సరైన క్షణంలో స్పార్క్ రావాలి, కాలిన పొగ బయటికి పోవాలి. వీటిలో ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే పని. వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఇంజిన్‌కు చేతకావడం లేదా, లేక ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరే కావాలని ఆపుతోందా?

కింది వరుస ఎక్కువగా పెట్రోల్ ఇంజెక్షన్ కార్ల కోసం. డీజిల్‌కు, కార్బ్యురేటర్ బండ్లకు వేరే భాగాలు ఉన్నాయి.

## 1. సిద్ధం చేసుకోవాల్సినవి

- లైవ్ డేటా (సెన్సర్లు ఆ క్షణంలో చెబుతున్న అంకెలు) చూపించే ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌కు తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరం. కోడ్‌లు మాత్రమే చదివేది ఈ పనికి సగమే ఉపయోగం.
- డిజిటల్ మల్టీమీటర్.
- వాక్యూమ్ గేజ్. ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని కొలుస్తుంది. చౌకైన పరికరమే కానీ ఈ లోపంలో దీన్ని మించింది లేదు.
- ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, ఆ కారుకు సరిపోయే అడాప్టర్‌తో.
- టార్చి, కాగితం, పెన్ను.
- ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్. ఇక్కడ ఇచ్చే అంకెలు చాలా కార్లకు దగ్గరగా ఉంటాయి, కానీ చివరి మాట మాన్యువల్‌దే.

జాగ్రత్తల్లో ఇవి వదలకూడదు:

- మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
- హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో ఉంచాలి.
- ఫ్యూయల్ లైన్ విప్పేముందు ప్రెషర్ తీసేయాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, మంటలు ఆర్పే సిలిండర్ ఉండాలి.
- డీజిల్ కామన్ రెయిల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఇంధనం అందించే ఉమ్మడి గొట్టం) పైపుల నట్లు ఇంజిన్ నడుస్తుండగా ఎప్పుడూ వదులు చేయొద్దు. అందులో వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

## 2. లక్షణాన్ని ముందు కాగితం మీద పెట్టండి

"రేస్ ఎక్కడం లేదు" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే సగం దారులు అక్కడే మూసుకుపోతాయి.

- తొక్కినా శబ్దంలో ఏ మార్పూ లేదా? అలాగైతే పెడల్, థ్రాటిల్ వైపు అనుమానం.
- నెమ్మదిగా తొక్కితే లేచి, గబుక్కున తొక్కితే దగ్గి పడిపోతోందా? ఇంధనం చాలకపోవడం, గాలి లెక్క తప్పడం.
- కొంతవరకు లేచి, గొంతు నొక్కినట్టు మూలుగుతూ ఆగిపోతోందా? సైలెన్సర్ దారి పూడిందేమో చూడాలి.
- ఒక అంకె దగ్గర కత్తిరించినట్టు, ప్రతిసారీ అక్కడే ఆగుతోందా? కంప్యూటర్ పెట్టిన హద్దు కావచ్చు.
- చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మొదలవుతోందా?
- పటపటమని మిస్సింగ్ కొడుతోందా?
- గ్యాస్ కిట్ ఉన్న కారైతే, గ్యాస్ మీద ఒకలా, పెట్రోల్ మీద ఒకలా ఉందా? ఒకదాని మీద చక్కగా లేస్తే థ్రాటిల్, సైలెన్సర్, టైమింగ్ అన్నీ బాగున్నట్టే. రెండో ఇంధనం లైనే చూసుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

అమ్మినవాళ్లను కూడా అడగండి: బండి ఎంతకాలం కదలకుండా నిలిపి ఉంచారు, చివరగా ఏం విప్పారు. లోపం మొదలయ్యే ముందు ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టారో తెలిస్తే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

## 3. లోపమే కానివి ముందు తీసేయండి

న్యూట్రల్ హద్దు. ఈ మధ్య వచ్చిన కార్లు చాలావాటిలో బండి ఆగి ఉన్నప్పుడు రేస్ 3000 నుంచి 4000 మధ్య ఆగిపోయేలా కంపెనీయే పెడుతుంది. రోడ్డు మీద గేరులో అంతకుమించి లేస్తే అది లోపం కాదు.

మ్యాట్. పెడల్ కింద మందపాటి మ్యాట్ లేదా రెండు మ్యాట్లు ఉంటే పెడల్ సగం వరకే దిగుతుంది. తీసి పక్కన పడేసి చూడండి.

బ్రేక్ స్విచ్. దీన్ని చాలామంది చూడరు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఎన్నో కార్లలో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి తొక్కినట్టు తెలిస్తే కంప్యూటర్ రేస్ తగ్గించేస్తుంది. బ్రేక్ స్విచ్ ఇరుక్కుపోయి ఎప్పుడూ "తొక్కి ఉంది" అని చెబుతుంటే ఇంజిన్ లేవదు. పెడల్ మీద కాలు లేకుండా వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయేమో చూడండి. స్విచ్‌లో రెండు కాంటాక్టులు ఉంటాయి కాబట్టి, లైట్లు సరిగ్గా ఉన్నా స్కానర్ లైవ్ డేటాలో కూడా ఒకసారి చూడాలి. పీ0504, పీ0571 కోడ్‌లు దీనికి సంబంధించినవే.

బ్యాటరీ, ఎర్త్. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. 12 దగ్గర ఉంటే చార్జింగ్ సరిచేసేదాకా మిగతా రీడింగులు నమ్మకండి. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకొకటి ఇంజిన్ బ్లాకు మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా చూడండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ వైరు విప్పి, శుభ్రం చేసి, బిగించండి.

## 4. కోడ్‌లు చదవండి, చెరపకండి

స్కానర్ పెట్టగానే కోడ్‌లు చెరిపేయడం చాలామందికి అలవాటు. వాటితోపాటు, లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో దాచిపెట్టే ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా కూడా పోతుంది. ముందు అంతా ఫొటో తీసుకోండి.

ఈ లోపంలో ఎక్కువగా కనిపించేవి:

- పీ2135: థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ రెండు సిగ్నల్స్ పొంతన లేవు.
- పీ2138: యాక్సిలరేటర్ పెడల్ రెండు సిగ్నల్స్ పొంతన లేవు.
- పీ2122, పీ2127: పెడల్ సిగ్నల్ మరీ తక్కువ.
- పీ2111, పీ2112: థ్రాటిల్ ఇరుక్కుంది.
- పీ0101, పీ0102: గాలి కొలిచే మాఫ్ సెన్సర్ వైపు తేడా.
- పీ0171: మిశ్రమంలో ఇంధనం చాలడం లేదు.
- పీ0016: పిస్టన్లతో తిరిగే క్రాంక్‌కు, వాల్వులు తెరిచే క్యామ్‌కు పొంతన లేదు. ఇది కనిపిస్తే ఇంజిన్ ఆపి నేరుగా 9వ భాగానికి వెళ్లండి.
- పీ0641: సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల లైనులో తేడా. ఒక సెన్సర్ షార్ట్ అయితే అదే లైను మీదున్న మిగతావీ పడిపోతాయి. సంబంధం లేని నాలుగైదు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి వచ్చాయంటే అన్నీ పాడైనట్టు కాదు. ఒక్కొక్క సెన్సర్ ప్లగ్గు పీకుతూ 5 వోల్టులు ఎప్పుడు తిరిగొస్తాయో చూడాలి.

పీ2138 వచ్చింది కాబట్టి పెడల్ కొనేయాలి అనుకోకండి. కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు. తప్పు సెన్సర్‌లో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు, తుప్పు పట్టిన కనెక్టర్ పిన్నులోనూ ఉండొచ్చు.

కోడ్‌లు ఏవీ లేకపోయినా అదీ ఒక సమాచారమే. పూడిన సైలెన్సర్, నీరసించిన పంపు, మూసుకుపోయిన గాలి గొట్టం చాలాసార్లు ఏ కోడూ ఇవ్వవు.

## 5. తొక్కితే థ్రాటిల్ తెరుచుకుంటోందా?

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. పరీక్షలు ఇక్కడి నుంచి రెండుగా చీలుతాయి. థ్రాటిల్ తెరుచుకోకపోతే పంపు, ప్లగ్గులు, సైలెన్సర్ జోలికి వెళ్లే పనే లేదు.

కేబుల్ ఉన్న కార్లు. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుంటే ఇంకొకరు బానెట్ కింద థ్రాటిల్ లివర్ చూడాలి. పూర్తిగా తిరుగుతోందా? కేబుల్ సాగిపోయినా, పెడల్ దగ్గర క్లిప్పు ఊడినా లివర్ కొద్దిగానే కదులుతుంది. అక్కడే లోపం దొరికిపోతే మీ అదృష్టం. తర్వాత థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ వోల్టేజీ చూడండి. మూసి ఉన్నప్పుడు దాదాపు 0.5, పూర్తిగా తెరిచినప్పుడు 4.5 దగ్గర, మధ్యలో ఎక్కడా తెగకుండా పెరగాలి.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కార్లు. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, లైవ్ డేటాలో ఈ మూడు లైన్లు తెరవండి: పెడల్ సిగ్నల్ 1, పెడల్ సిగ్నల్ 2, థ్రాటిల్ పొజిషన్.

పెడల్‌ను చాలా నెమ్మదిగా కిందిదాకా తొక్కి, అంతే నెమ్మదిగా వదలండి. రెండు పెడల్ సిగ్నల్సూ కలిసి పెరగాలి. ఎన్నో కార్లలో ఒకటి రెండోదానికి రెట్టింపు ఉంటుంది, అంటే ఒకటి 2 వోల్టులుంటే ఇంకొకటి 1 వోల్టు. మధ్యలో ఒకటి గెంతినా, సున్నాకు పడినా కంప్యూటర్ ఆ పెడల్ మాట నమ్మదు. థ్రాటిల్‌ను ఒక చిన్న సందు దగ్గర నిలిపేసి, బండి ఎలాగోలా ఇల్లు చేరేటట్టు మాత్రమే నడవనిస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఐడిల్ మామూలు కంటే కాస్త ఎక్కువగా ఉండి, పెడల్‌కు స్పందన లేకపోవడం దాని గుర్తు.

చూసినదాన్ని ఇలా అర్థం చేసుకోండి:

- పెడల్ సిగ్నల్ సరిగ్గా కదలడం లేదు: పెడల్ సెన్సర్, దాని కనెక్టర్, వైరు, 5 వోల్టుల సరఫరా చూడాలి.
- పెడల్ సిగ్నల్ బాగుంది, థ్రాటిల్ కదలడం లేదు: థ్రాటిల్ బాడీ మోటారు, కనెక్టర్, మసి, రిలే లేదా ఫ్యూజు చూడాలి. బ్రేక్ స్విచ్ ఇంకోసారి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు కాబట్టి, ఇంజిన్ నడిపి కూడా చూసి నిర్ధారించుకోండి.
- రెండూ బాగున్నాయి, ఇంజిన్ లేవడం లేదు: 6వ భాగానికి వెళ్లండి.

థ్రాటిల్ 0 శాతం చూపించకపోతే కంగారు పడొద్దు. చాలా కార్లలో ఐడిల్‌లో 10 నుంచి 18 శాతం చూపించడం మామూలే.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పలకను తాళం ఆన్‌లో ఉండగా వేలితో నెట్టొద్దు. లోపలి గేర్లు ప్లాస్టిక్‌వి, విరుగుతాయి. మోటారు ఒక్కసారిగా మూస్తే వేలు నలుగుతుంది కూడా. శుభ్రం చేయాలంటే బ్యాటరీ తీసి, మెత్తటి గుడ్డకు థ్రాటిల్ క్లీనర్ తడిపి తుడవండి. తర్వాత చాలా మోడళ్లలో స్కానర్‌తో థ్రాటిల్ రీలెర్న్ (మూసిన స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేయించాలి. అది చేయక ఐడిల్ పాడైతే, "క్లీనింగ్ వల్ల కొత్త లోపం వచ్చింది" అనుకుంటారు.

## 6. గాలి లోపలికి వస్తోందా?

ముందు కళ్లతో చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. ఎన్నాళ్లో నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు గూడు పెట్టడం మామూలే. మెకానిక్ మరిచిపోయిన గుడ్డ ముక్క దొరికిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బాకు ముందున్న గొట్టం కూడా చూడండి.

తర్వాత ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని మడతల్లో వేళ్లతో విప్పి చూడండి. మాఫ్ సెన్సర్ తర్వాత చీలిక ఉంటే లెక్కలోకి రాని గాలి దూరుతుంది. రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి, ఆ చీలిక ఇంకా తెరుచుకుంటుంది. ఐడిల్‌లో బాగుండి, తొక్కితే దగ్గే బండ్లలో ఇది తరచూ దొరుకుతుంది.

వాక్యూమ్ పరీక్ష. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలి పంచే భాగం) నుంచి వచ్చే చిన్న వాక్యూమ్ గొట్టానికి గేజ్ పెట్టండి. సముద్ర మట్టానికి దగ్గర్లో, వేడెక్కిన మంచి ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపిస్తుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గించి లెక్కేసుకోవాలి. ఇప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి:

- ముల్లు సున్నా దగ్గరికి పడింది, అయినా ఇంజిన్ లేవలేదు: గాలి మ్యానిఫోల్డ్‌లోకి వచ్చింది. గాలి దారి బాగుంది. ఇంధనం, స్పార్క్, టైమింగ్, సైలెన్సర్ చూడాలి.
- ముల్లు పెద్దగా పడలేదు: గాలి రావడం లేదు. థ్రాటిల్ తెరుచుకోవడం లేదు, లేదా దాని ముందు ఏదో అడ్డం ఉంది.

గేజ్ లేకపోతే మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) లైవ్ డేటాతో ఇదే చేయొచ్చు. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో సముద్ర మట్టం దగ్గర సుమారు 100 కిలోపాస్కల్స్, ఐడిల్‌లో 25 నుంచి 40, గట్టిగా తొక్కిన క్షణంలో 90 పైన ఉండాలి.

మాఫ్ సెన్సర్. ఐడిల్‌లో లీటరు ఇంజిన్ సామర్థ్యానికి సెకనుకు ఇంచుమించు ఒక గ్రాము నుంచి రెండు గ్రాముల గాలి చూపిస్తుంది, రేస్ ఇస్తే వెంటనే పెరగాలి. అనుమానం ఉంటే ఇంజిన్ ఆపి, సెన్సర్ కనెక్టర్ పీకి మళ్లీ స్టార్ట్ చేయండి. కంప్యూటర్ తన సొంత అంచనాతో నడుపుతుంది. ఇప్పుడు మునుపటికంటే బాగా లేస్తే సెన్సర్ తప్పు చెబుతున్నట్టే. కొనేముందు మాఫ్ క్లీనర్ స్ప్రేతో శుభ్రం చేయండి. బ్రష్షు, గుడ్డ తగిలిస్తే లోపలి సన్నటి తీగ పోతుంది.

## 7. ఇంధనం చాలుతోందా?

పంపు శబ్దం వినిపించినంత మాత్రాన ప్రెషర్ ఉందని కాదు. గేజ్ పెట్టాల్సిందే.

తొలి సూచన ఆక్సిజన్ సెన్సర్ నుంచి. మామూలు ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కార్లలో ముందు సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. గట్టిగా తొక్కినప్పుడు చూడండి. 0.8 దాటితే ఇంధనం పడుతోంది. 0.1 దగ్గరికి పడి అక్కడే ఉంటే చాలడం లేదు. ఒక మెలిక ఉంది: మిస్సింగ్ కొడుతున్న సిలిండర్ నుంచి కాలని ఆక్సిజన్ బయటికొచ్చి, ఇంధనం ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మిస్సింగ్ ఉంటే ఈ రీడింగును నమ్మి పంపు కొనకండి.

ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె ఇది. షార్ట్ (అప్పటికప్పుడు చేసేది), లాంగ్ (కొంతకాలంగా చేస్తున్నది) రెండూ కలిపి 10 శాతం అటూ ఇటూ ఉంటే సరే. ఐడిల్‌లో ఎక్కువ ప్లస్ ఉండి, 2500 దగ్గర మామూలైతే వాక్యూమ్ లీకు. ఐడిల్‌లో మామూలుగా ఉండి, రేస్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే పంపు, ఫిల్టర్, లేదా మురికి మాఫ్.

ప్రెషర్ పరీక్ష.

- గేజ్ బిగించి, లీకులు లేవని చూసుకుని స్టార్ట్ చేయండి.
- రిటర్న్ లైను (మిగిలిన ఇంధనం ట్యాంకుకు తిరిగెళ్లే పైపు) లేని పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయట, గాలి దారిలో ఇంధనం చిమ్మే) కార్లు చాలావాటిలో 3.5 నుంచి 4 బార్ వరకు ఉంటుంది. రిటర్న్ లైను ఉన్నవాటిలో 2.5 నుంచి 3 దగ్గర ఉండి, రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం పీకితే కొంచెం పెరుగుతుంది.
- అంకె ఐడిల్‌లో సరిగ్గా ఉంటే సరిపోదు. తొక్కినప్పుడు, వీలైతే గేజ్‌ను అద్దానికి కట్టి రోడ్డు మీద లోడులో చూడాలి. అప్పుడు పడిపోతే పంపు, ఫిల్టర్, ట్యాంకులోని జల్లెడ, పంపుకు వచ్చే కరెంటు చూడాలి.

పంపు మార్చేముందు దాని కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వోల్టేజీ కంటే అర వోల్టుకు మించి తక్కువగా ఉంటే తప్పు పంపుది కాకపోవచ్చు; రిలే, వైరు, ఎర్త్ చూడండి. పంపు వేగాన్ని మాడ్యూల్ నియంత్రించే కార్లలో ఈ కొలత పనికిరాదు, మాన్యువల్ చూసుకోవాలి.

ఇంకో తేలిక పరీక్ష: ఇంధనం మూత వదులు చేసి రేస్ ఇవ్వండి. మూత తీస్తుంటే గట్టిగా గాలి పీల్చిన శబ్దం వచ్చి, ఆ తర్వాత ఇంజిన్ చక్కగా లేస్తే ట్యాంకు గాలి దారి మూసుకుంది.

నెలల తరబడి నిలిపి ఉంచిన కారైతే ట్యాంకులోని పాత పెట్రోల్, నీళ్లు కూడా కారణమే. కొంచెం గాజు సీసాలో పట్టి, కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున గీతలా విడిపోతాయి.

సిలిండర్‌లోకే నేరుగా ఇంజెక్షన్ ఉండే పెట్రోల్ ఇంజిన్లకు హై ప్రెషర్ పంపు వేరే ఉంటుంది. దాని రెయిల్ ప్రెషర్ స్కానర్‌లోనే చూడండి, గేజ్ పెట్టబోకండి.

## 8. పొగ బయటికి పోతోందా?

థ్రాటిల్ తెరుచుకుంటోంది, ఇంధనం ఉంది, అయినా గొంతు నొక్కినట్టు మూలుగుతోంది అంటే నా మొదటి అనుమానం పూడిపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే డబ్బా) మీదే. ముక్కు మూసుకుని పరిగెత్తమన్నట్టు ఉంటుంది ఇంజిన్ పరిస్థితి. లోపలి జల్లెడ కరిగో, విరిగో అడ్డం పడుతుంది.

వాక్యూమ్ గేజ్‌తో. ఇంజిన్‌ను 2500 దగ్గర అర నిమిషం పట్టి ఉంచండి. మంచి ఇంజిన్‌లో ముల్లు మొదట కొద్దిగా పడి, మళ్లీ ఐడిల్ రీడింగుకో అంతకంటే పైకో వచ్చి నిలుస్తుంది. నిలకడగా కిందికి జారుతూ పోతుంటే సైలెన్సర్ దారిలో అడ్డు ఉంది. 2500 దాకా ఎక్కని ఇంజిన్‌కు ఎంత ఎక్కితే అంత దగ్గరే పట్టండి, జారడం అక్కడా కనిపిస్తుంది.

బ్యాక్ ప్రెషర్‌తో. కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ చల్లారాక విప్పి, ఆ రంధ్రానికి తక్కువ ప్రెషర్ గేజ్ పెట్టండి. ఐడిల్‌లో సుమారు 0.1 బార్ లోపు, 2500 దగ్గర 0.2 బార్ లోపు ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువైతే ఇక సందేహం అక్కర్లేదు.

గేజ్ ఏదీ లేకపోతే. ఆ సెన్సర్ విప్పి, రంధ్రం తెరిచి ఉంచి కాసేపు రేస్ ఇచ్చి చూడొచ్చు. శబ్దం భయంకరంగా ఉంటుంది, బయటికి కాలే వాయువు వస్తుంది, దగ్గర్లో వైర్లు, గొట్టాలు లేకుండా చూసుకోవాలి. తేడా స్పష్టంగా కనిపిస్తే అడ్డు కింద ఉంది. తేడా లేకపోతే అడ్డు లేదని మాత్రం తేల్చకండి. ఆ రంధ్రం చిన్నది, అంత పొగకు చాలకపోవచ్చు.

వెనక గొట్టం దగ్గర చెయ్యి పెట్టి "పొగ వస్తోంది కదా" అనేస్తారు. ఐడిల్‌లో ఎంత పూడినా కొంత వస్తుంది. ఆ పరీక్షకు విలువ లేదు.

కన్వర్టర్ దానంతట అది కరగదు. ఎక్కువకాలం మిస్సింగ్ కొట్టి కాలని పెట్రోల్ అందులో మండినా, ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా ఇలా అవుతుంది. ఆ కారణం తీయకుండా కొత్తది బిగిస్తే అదీ పోతుంది. మఫ్లర్ లోపలి పలక ఊడి అడ్డం పడ్డా, రెండు పొరల పైపులో లోపలి పొర నలిగిపోయినా ఇవే లక్షణాలు వస్తాయి, కాబట్టి కొనేముందు అడ్డు ఏ భాగంలో ఉందో విప్పి చూడాలి.

## 9. స్పార్క్, టైమింగ్

ప్లగ్గులు విప్పి, సిలిండర్ వరుసలోనే పెట్టి చూడండి. సందు మాన్యువల్ ప్రకారం ఉందా, చాలా కార్లలో 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్లు. సందు పెరిగిపోయిన ప్లగ్గు ఐడిల్‌లో పనిచేసి, లోడు పడగానే చేతులెత్తేస్తుంది. ఒక్క సిలిండర్‌కే మిస్సింగ్ కోడ్ ఉంటే దాని కాయిల్‌ను ఇంకోదానితో మార్చండి. పీ0301 (ఒకటో సిలిండర్ మిస్సింగ్) కాస్తా పీ0303 (మూడో సిలిండర్) అయితే కాయిల్ దొరికినట్టే. అయితే ఒక్క కాయిల్ పోతే ఇంజిన్ వణుకుతూనైనా లేస్తుంది. అసలే లేవకపోతే కారణం అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండేదే.

అలాంటి ఉమ్మడి కారణం టైమింగ్ బెల్టు లేదా చైను పళ్లు దాటడం. గుర్తులు: వాక్యూమ్ నిలకడగా ఉన్నా 10 నుంచి 15 మధ్యే ఉంటుంది, అన్ని సిలిండర్ల కంప్రెషన్ సమానంగా తక్కువ ఉంటుంది, పీ0016 రావచ్చు. ఈ అనుమానం రాగానే ఇంజిన్ ఆపేయండి. చాలా ఇంజిన్లలో టైమింగ్ ఇంకొంచెం తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వులను కొడుతుంది. కవర్ తీసి గుర్తులు కలుస్తున్నాయో లేదో చూశాకే మళ్లీ స్టార్ట్ చేయాలి. బెల్టు ఈమధ్యే మార్చారని అమ్మినవాళ్లు గొప్పగా చెబితే, ఆ పని సరిగ్గా జరిగిందో లేదో మరింత శ్రద్ధగా చూడండి.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత ఇంజిన్లలో స్ట్రోబ్ లైటుతో చూస్తే, రేస్ పెరిగేకొద్దీ టైమింగ్ ముందుకు జరగాలి. జరగకపోతే లోపలి బరువులు తుప్పు పట్టి ఇరుక్కున్నట్టే.

## 10. డీజిల్ కారైతే

పెడల్, బ్రేక్ స్విచ్, కోడ్‌ల భాగాలు డీజిల్‌కూ అవే. తర్వాత పొగ రంగు దారి చూపిస్తుంది.

నల్ల పొగతో లేవకపోతే గాలి తక్కువ. టర్బో నుంచి ఇంటర్‌కూలర్ మీదుగా వచ్చే గొట్టం ఊడిందేమో, ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకునే ఇరుక్కుందేమో చూడండి. టర్బో ప్రెషర్ తక్కువైతే పీ0299 వస్తుంది.

పొగే లేకుండా లేవకపోతే ఇంధనం తక్కువ, లేదా కంప్యూటర్ ఆపుతోంది. డీజిల్ ఫిల్టర్, అందులోని నీళ్లు, లైనులో గాలి బుడగలు చూడండి. స్కానర్‌లో కంప్యూటర్ అడిగిన రెయిల్ ప్రెషర్, నిజంగా ఉన్న రెయిల్ ప్రెషర్ పక్కపక్కన పెట్టి రేస్ ఇవ్వండి. అడిగినది పెరిగి, ఉన్నది వెనకబడితే పీ0087 దగ్గరికి వచ్చినట్టే. ఫిల్టర్, పంపు మీద ఉండే కంట్రోల్ వాల్వు, లీకవుతున్న ఇంజెక్టర్లు ఈ వరుసలో చూడాలి.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) నిండిపోతే పీ2463 లాంటి కోడ్‌తో కంప్యూటర్ రేస్ తగ్గించేస్తుంది. స్కానర్‌లో దాని ముందు వెనకల ఒత్తిడి తేడా చూడండి. మసి ఎందుకు నిండిందో తెలుసుకోకుండా రీజనరేషన్ (ఆ మసిని కాల్చేయడం) మాత్రమే చేయిస్తే మళ్లీ నిండుతుంది.

## 11. కార్బ్యురేటర్ బండ్లు

ఐడిల్‌కు, రేస్‌కు వేర్వేరు జెట్లు ఉంటాయి. అందుకే మెయిన్ జెట్ పూడిపోతే ఐడిల్ చక్కగా ఉండి పైకి లేవదు. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజిన్ ఆపి, లోపలికి చూస్తూ లివర్ తిప్పండి. పెట్రోల్ సన్నటి ధారలా పడకపోతే యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం పోయింది. చోక్ పలక మూసే ఉండిపోలేదని, ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ తగినంత ఉందని చూశాక విప్పి శుభ్రం చేయండి.

## 12. ఎక్కడ దారి తప్పుతారు

- కోడ్ పేరు చూసి ఆ పేరున్న సెన్సర్ కొనడం. ముందు కనెక్టర్, వైరు చూడాలి.
- ఒకేసారి మూడు భాగాలు మార్చడం. బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, బాగుపడకపోతే కొత్త భాగాల్లో ఏది చెడ్డదో తెలియదు.
- ఇన్‌టేక్‌లోకి మండే స్ప్రే కొట్టి పరీక్షించడం. మంట వెనక్కి కొట్టొచ్చు. ఆక్సిజన్ సెన్సర్ రీడింగు అదే సంగతి ప్రమాదం లేకుండా చెబుతుంది.
- ఊరూపేరూ లేని చౌక సెన్సర్ బిగించి, "సెన్సర్ మార్చాను కాబట్టి అది కాదు" అని దాన్ని లెక్కలోంచి తీసేయడం. కొత్త భాగాన్ని కూడా కొలిచి చూడాలి.
- లేవని ఇంజిన్‌ను పదే పదే పూర్తిగా తొక్కడం. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి, లేని లోపాన్ని తెచ్చిపెడుతుంది.

## 13. ఇంకా డబ్బు కట్టకపోతే

"చిన్న సెన్సరే, మార్చుకుంటే సరిపోతుంది" అని అమ్మేవాళ్లు అంటే, ఆ చిన్న సెన్సర్ వాళ్లనే మార్చి చూపించమనండి. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి) చూడండి. ఎక్కువ మానిటర్లు "పూర్తి కాలేదు" అని ఉంటే కోడ్‌లు ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ ఈమధ్యే తీశారు. తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు ఒకసారి వెలగాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో తీసేసి ఉండొచ్చు.

పెడల్, బ్రేక్ స్విచ్, గాలి గొట్టం, ఫిల్టర్ లాంటివైతే బేరమాడి కొనొచ్చు. టైమింగ్ తప్పినట్టు, లేదా కంప్రెషన్ తక్కువున్నట్టు తేలితే నేనైతే వదిలేస్తాను. కన్వర్టర్ పూడిందంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందేమో చూడకుండా ధర మాట్లాడను.

## 14. రిపేరు అయ్యాక

- కోడ్‌లు ఇప్పుడు చెరపండి.
- అవసరమైన మోడల్‌కు థ్రాటిల్ రీలెర్న్ చేయించండి.
- ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 2500 దగ్గర అర నిమిషం పట్టి, వాక్యూమ్ మళ్లీ చూడండి.
- రోడ్డు మీద మూడో గేరులో కింది నుంచి పూర్తిగా తొక్కి, ఎక్కడా ఆగకుండా లాగుతోందా చూడండి. ఆ సమయంలో పక్కన కూర్చున్నవాళ్లు ఫ్యూయల్ ట్రిమ్, ఆక్సిజన్ సెన్సర్ రికార్డు చేయాలి, నడిపేవాళ్లు స్కానర్ వైపు చూడొద్దు.
- ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ చల్లటి స్టార్ట్‌తో ఇంకోసారి.
- రెండు మూడు రోజులు నడిపాక పెండింగ్ కోడ్‌లు చదవండి. చెక్ లైటు వెలగకముందే తిరిగొస్తున్న లోపం అక్కడ కనిపిస్తుంది.